కీళ్లవాతం ఉన్న అమ్మకు మసాజ్ చేయించవచ్చా?

మీరు అడిగింది ఇదీ: బొబ్బిలిలో ఉండే మీ అమ్మగారికి 52 ఏళ్ళు. ఆరేళ్ళ నుంచి రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ చిన్న డోసులో స్టెరాయిడ్ వాడుతున్నారు. విజయనగరంలో ఒక మసాజ్ సెంటర్ వాళ్ళు పది సిట్టింగుల ప్యాకేజీ కడితే వాతం మొత్తం దిగిపోతుందన్నారు. పక్కింటి పెద్దావిడేమో డబ్బు దండగ, ఆముదం కాచి గట్టిగా రుద్దితే చాలంటున్నారు. మీ నాన్నగారు రెండూ వద్దంటున్నారు. మీకు కూడా ఈమధ్య థైరాయిడ్ ఆటోఇమ్యూన్ అని తేలింది కాబట్టి మీరు చేయించుకోవచ్చా అన్నది చివరి ప్రశ్న.

మీ అమ్మగారికి మసాజ్ చేయించవచ్చు. ఏ రోజు, ఒంట్లో ఏ భాగానికి, ఎంత ఒత్తిడితో అన్నది మాత్రం ఆ రోజు ఆవిడ కీళ్ళు ఎలా ఉన్నాయో చూసి తేల్చుకోవాలి. ప్యాకేజీ వద్దు. గట్టిగా రుద్దడం అసలే వద్దు. నేను విజయనగరంలో చాలా ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. సాలూరు నుంచి ఇచ్ఛాపురం దాకా ఇలాంటి నొప్పులతో వచ్చే ఆడవాళ్ళను రోజూ చూస్తుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వయసుతో వచ్చే అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పల్చటి పొర మీద దాడి చేస్తుంది. సొంత ఒంటి మీదే ఇలా దాడి జరిగే జబ్బులనే ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ఆ పొర వాచి, మందమెక్కి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొద్దికొద్దిగా తినేస్తుంది. ఇదంతా కీలు లోపల జరిగే వ్యవహారం. పైనుంచి ఎంత మంచి చెయ్యి పడినా, ఎంత మంచి నూనె పట్టించినా అది ఆగదు. ఆపగలిగేవి మీ అమ్మగారు వాడుతున్న మెథోట్రెక్సేట్ లాంటి మందులే. కాబట్టి మసాజ్‌తో వాతం దిగిపోతుందన్న మాట అబద్ధం. ఆ మాట చెప్పినవాళ్ళు మిగతా విషయాల్లో ఎంత బాగా మాట్లాడినా నేనైతే నమ్మను. ఎందుకంటే తర్వాతి మాట 'ఇక మందులెందుకమ్మా' అని ఉంటుంది. అలా మందులు ఆపేసి, ఆరు నెలల తర్వాత వేళ్ళు వంకరపోయి వచ్చినవాళ్ళు ఉన్నారు. వంకరపోయిన వేలిని ఏ మసాజూ వెనక్కి తీసుకురాదు.

మరి దేనికి పనికొస్తుందంటారా? నొప్పి ఉన్న కీలు కదలకుండా దాని చుట్టూ ఉన్న కండరాలు రోజంతా బిగబట్టుకుని ఉంటాయి. మీ అమ్మగారి ముంజేతిని, మోచేతికి నాలుగు వేళ్ళ కింద మెల్లగా పట్టుకుని చూడండి. తాడు మెలిపెట్టినట్టు తగులుతుంది. మోకాలు నొప్పని కుంటుతూ నడిస్తే నడుము పట్టేస్తుంది. రాత్రి నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడు అదే నొప్పి రెట్టింపు అనిపిస్తుంది. దానికి తోడు, మళ్ళీ ఎప్పుడు తిరగబెడుతుందో, పెళ్ళిలో నలుగురి ముందు గ్లాసు పట్టుకోగలనో లేనో అన్న టెన్షన్. ఈ కండరాల బిగువుకు, నిద్రకు, టెన్షన్‌కు మసాజ్ నిజంగా సాయం చేస్తుంది. 2013లో అమెరికాలో మయామీ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేతుల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న 42 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పైపైన నిమిరినట్టు, రెండో జట్టుకు ఓ మాదిరి ఒత్తిడితో వారానికోసారి నాలుగు వారాలు మసాజ్ చేశారు. రోజూ ఇంట్లో ఎవరికి వాళ్ళు చేసుకోవడమూ నేర్పారు. ఓ మాదిరి ఒత్తిడి పడిన జట్టుకు నొప్పి తగ్గింది, చేతి పట్టు పెరిగింది. చిన్న అధ్యయనమే, కానీ మా దగ్గర రోజూ కనిపించేది కూడా ఇదే. ఇది వాళ్ళ నొప్పి గురించి, పట్టు గురించి చెప్పిన ఫలితం. జబ్బు తగ్గిందని వాళ్ళూ అనలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చెయ్యి వేసే ముందు ప్రతిసారీ కీలును చూడాలి. అరచేతితో కాకుండా చేతి వెనక వైపుతో తాకండి, వేడి బాగా తెలుస్తుంది. ముందు తొడ మధ్యలో పెట్టండి, తర్వాత మోకాలి చిప్ప మీద, ఆ తర్వాత కింద ముంగాలు మీద. మామూలుగా మోకాలి చిప్ప తొడ కన్నా, ముంగాలు కన్నా చల్లగా ఉంటుంది. ఈ సంగతి చాలామంది ఎప్పుడూ గమనించి ఉండరు, మీ మోకాలి మీదే ఇప్పుడు చూసుకోండి. చిప్ప తొడంత వెచ్చగా తగిలినా, అంతకన్నా వేడిగా ఉన్నా లోపల వాపు నడుస్తోందన్నమాట. చేతులకైతే పిడికిలి బిగించమనండి. మెటికల మధ్య గుంటలు కనిపించాలి. అవి పూడిపోయి నున్నగా ఉంటే వాపు ఉన్నట్టే. ఇంకొకటి అడగండి: పొద్దున లేచాక వేళ్ళు వదులవడానికి ఎంతసేపు పట్టింది? రోజూ అరగంటలో వదులయ్యేవి ఈరోజు రెండు గంటలు పట్టాయంటే ఆ రోజు మసాజ్ రోజు కాదు.

వేడెక్కి వాచిన కీలును నొక్కకూడదు, రుద్దకూడదు, లాగకూడదు. సెగగడ్డను ఎవరూ పిసకరు కదా, ఇదీ అంతే. ఆ రోజు తడిగుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, ఆ కీలుకు విశ్రాంతి ఇవ్వండి. చలికి వేళ్ళు తెల్లగా, నీలంగా మారే మనిషైతే ఐసు వద్దు. వాపు లేని చోట, అంటే వీపుకో, పాదాలకో, మెత్తగా చెయ్యి వేస్తే ఆవిడకు హాయిగా ఉంటుందనుకుంటే వెయ్యండి. జ్వరం ఉంటే అది కూడా వద్దు. వాపు నాలుగైదు రోజులకు తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పండి, మందు డోసు మార్చాల్సి రావచ్చు.

మీ పక్కింటి పెద్దావిడ మాట కొట్టిపారేయను. మన వైపు ఒళ్ళు పట్టడం తెలిసిన పెద్దవాళ్ళ చేతుల్లో మంచి నేర్పు ఉంటుంది. కానీ 'గట్టిగా రుద్దితేనే కదమ్మా నొప్పి పోద్ది' అనే మాట ఈ జబ్బుకు పనికిరాదు. రోజంతా పొలంలో నాట్లు వేసిన నడుముకు అది చెల్లుతుంది, రుమటాయిడ్ మణికట్టుకు చెల్లదు. ఇంకో సంగతి చెబితే ఆవిడ ఒప్పుకుంటారేమో. ఆయుర్వేదంలో ఈ తరహా జబ్బును ఆమవాతం అంటారు. వాపు, వేడి, ఒళ్ళు బరువు ఉన్న దశలో ఆమవాతానికి నూనె పట్టించడం ఆ వైద్యంలోనే నిషిద్ధం. ఇసుక మూట లాంటి పొడి కాపడమే చెబుతారు. అంటే వాచిన కీలు మీద ఆముదం పోసి రుద్దడం పాత వైద్యమూ చెప్పలేదు, కొత్త వైద్యమూ చెప్పలేదు. కాపడం విషయంలో నా మాట ఏమిటంటే, వేడిగా లేని, బిగుసుకుపోయిన కీలుకు, కండరాలకు కాపడం మంచిది, పొద్దుటిపూట మరీ మంచిది. ఇప్పటికే కాలుతున్న కీలుకు ఇసుక మూటైనా, వావిలాకు కాపడమైనా వద్దు.

ఆముదం వాడాలా, నువ్వుల నూనా, కొబ్బరి నూనా అని చాలామంది అడుగుతారు. ఏదైనా ఒకటే. చెయ్యి జారడానికే నూనె. ముందు మీ మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోండి, గోరువెచ్చగా ఉంటే చాలు. స్టెరాయిడ్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళ చర్మం పల్చబడుతుంది. కాస్త ఒత్తినా కమిలిపోతుంది, గోరు తగిలినా చిట్లుతుంది. మీ అమ్మగారి ముంజేతుల మీద కారణం లేకుండా ఊదారంగు మచ్చలు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే మీ ఒత్తిడి ఇంకా తగ్గాలి. స్టెరాయిడ్‌తో ఎముకలు కూడా గుల్లబారతాయి కాబట్టి వీపు మీద మోచేత్తో నొక్కడం, కాళ్ళతో తొక్కించుకోవడం ఆవిడకు ప్రమాదం. కర్పూరం, నొప్పి బామ్ రాసిన చోట మళ్ళీ వేడి కాపడం పెట్టకండి, చర్మం కాలుతుంది.

మెడ సంగతి విడిగా చెప్పాలి. ఈ ఒక్క పేరా మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో మెడ పైభాగంలో మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలిపోవచ్చు. ఆ వెనకే వెన్నుపాము ఉంటుంది. అలాంటి మెడను ఒక్క విసురుతో తిప్పితే చేతులు కాళ్ళు పడిపోవచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. మన ఊళ్ళలో మంగలి షాపుల్లో క్షవరం అయ్యాక తల మాలిష్ చేసి, చివర్లో గడ్డం పట్టుకుని మెడ టక్కుమనిపించడం ఎంత మామూలో మీకు తెలుసు. ఈ జబ్బు ఉన్న మగవాళ్ళు ఆ షాపులో కూర్చోగానే 'మెడ ముట్టుకోవద్దు' అని చెప్పాలి. వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్న కుర్రాళ్ళకు ఇది మరీ ముఖ్యం. కలిసిపోయిన వెన్నుపూస కొద్ది విసురుకే విరుగుతుంది. మసాజ్ సెంటర్లలో కూడా మెడ విరవడం, నడుము విరవడం ప్యాకేజీలో భాగంగా చేస్తుంటారు. మీ అమ్మగారికి తల వెనక భాగంలో నొప్పి, మెడ వంచితే కరెంటు షాక్ కొట్టినట్టు వీపులోకి పాకడం, చేతుల్లో తిమ్మిరి, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, నడకలో తూలు, వీటిలో ఏది ఉన్నా మసాజ్ ఆలోచన పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కు చూపించండి. మెడ వంచి, ఎత్తి తీసే ఎక్స్‌రేతో చాలావరకు తెలిసిపోతుంది.

రెండో ప్రమాదం పిక్కలో. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే అది నరం పట్టేయడం అనుకుని రుద్దుతారు. కాలి సిరలో రక్తం గడ్డ కట్టినా అచ్చం అలాగే ఉంటుంది. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. లూపస్ (రోగనిరోధక వ్యవస్థ ఒంట్లో చాలా భాగాల మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నాయని రిపోర్టులో వచ్చినవాళ్ళలో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. రుమటాయిడ్ ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కు: మోకాలి వెనక గుంటలో నీటితిత్తి ఏర్పడి, అది పగిలి పిక్కలోకి దిగినా ఇలాగే కనిపిస్తుంది. ఏది ఏమిటో చేత్తో పట్టుకుని నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. రక్తం ఎలా పారుతోందో చూపించే డాప్లర్ స్కానింగ్ చేయించాలి. అంతవరకు ఆ కాలును ఎవరూ రుద్దకూడదు. దానికి తోడు ఆయాసం గానీ, ఛాతీలో పోటు గానీ ఉంటే స్కానింగ్ అపాయింట్‌మెంట్ కోసం కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక్కడే బాలింతల మాట కూడా చెప్పేస్తాను, మీరు అడగకపోయినా. కడుపుతో ఉన్నప్పుడు రుమటాయిడ్ నొప్పులు చాలామందికి తగ్గుతాయి. కాన్పు అయిన కొన్ని వారాలకు, నెలలకు మళ్ళీ విరుచుకుపడతాయి. కొందరికి జబ్బు బయటపడేదే అప్పుడు. మన ఇళ్ళలో దాన్ని బాలింత వాతం అంటారు, గాలి తగిలిందంటారు, చెవుల్లో దూది పెట్టి రోజూ నూనెతో ఒళ్ళంతా రుద్ది కాగే నీళ్ళు పోస్తారు. పసిబిడ్డను ఎత్తుకోవడానికి మణికట్టు సహకరించడం లేదని ఆ పిల్ల ఏడుస్తుంటే 'మేమంతా కనలేదేటి' అంటారు. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఎక్కువ. పొద్దున పిడికిలి బిగుసుకుపోయి గంటకు పైగా వదులవకపోతే, రెండు చేతుల్లోనూ ఒకే కీళ్ళు వాస్తే, నూనె సీసా పక్కన పెట్టి రక్తపరీక్ష చేయించండి. ఈ జబ్బులో తొలి నెలల్లో మొదలుపెట్టిన మందు చేసే మేలు, రెండేళ్ళ తర్వాత మొదలుపెట్టిన మందు చేయలేదు. ఈ ఒక్క విషయంలో మన ఊళ్ళ ఆడపిల్లలకు ఎంత ఆలస్యం జరుగుతోందో తలుచుకుంటే నాకు మనసు ఉండబట్టదు.

ఇక ఇంట్లో మీరే చేయగలిగింది చెబుతాను. బొబ్బిలి నుంచి విజయనగరానికి బస్సులో కుదుపులు తిని వచ్చి, ఒక గంట పడుకుని, మళ్ళీ అదే బస్సులో వెళ్తే వచ్చిన హాయి దారిలోనే పోతుంది. రైలైనా రానూ పోనూ అలసటే. ఈ జబ్బులో అలసట కూడా ఒక లక్షణమే. అందుకే వారానికోసారి సెంటర్‌కు తిప్పడం కన్నా, రాత్రి పడుకునే ముందు పావుగంట మీ చేతులే ఆవిడకు ఎక్కువ మేలు చేస్తాయి.

ఆవిడ కుర్చీలో కూర్చుని, చెయ్యి దిండు మీద పెట్టుకోవాలి. గాలిలో వేలాడితే కండరం వదులవదు. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు ముంజేతి చుట్టూ ఐదు నిమిషాలు చుట్టండి. తర్వాత నూనె రాసుకున్న మీ అరచేతిని ఆవిడ మణికట్టు పైనుంచి మోచేతి వైపు నెమ్మదిగా జరపండి, వెనక్కి వచ్చేటప్పుడు ఒత్తిడి లేకుండా రండి. అలా కొన్నిసార్లు చేశాక, బొటనవేలి బుడిపెతో మోచేతి కింది కండను చిన్నచిన్న వలయాలుగా నొక్కండి. మీ వేలి కింద కండ కాస్త నలిగినట్టు తెలియాలి, ఆవిడ మొహం మాత్రం చిట్లించకూడదు. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తావమ్మా అని అడగండి. మూడు దాటితే తగ్గించండి. మన అమ్మలు నొప్పి అని నోటితో చెప్పరు, కాబట్టి మొహాన్నీ, శ్వాసనూ చూస్తూ ఉండండి. ఊపిరి బిగబట్టారంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారని అర్థం.

ఆ తర్వాత అరచెయ్యి. పొందూరు నుంచి ఒకావిడ నా దగ్గరకు వచ్చేవారు, నూలు వడకడం ఆవిడ పని. అక్కడ వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, సన్నటి నూలు తీస్తారు కదా. బొటనవేలు, చూపుడువేలు పోగును పట్టుకుని లాగుతూనే ఉండాలి. ఆవిడకు వేళ్ళ కీళ్ళ వాపు మందులతో అదుపులోకి వచ్చినా బొటనవేలి మొదట్లో ఉండే ఆ ఉబ్బెత్తు కండ గట్టిపడి, పోగు పట్టుకోగానే చెయ్యి గుంజేసేది. కీళ్ళ జోలికి పోకుండా ఆ కండనే, అరచేతి మధ్య నుంచి బొటనవేలి మొదలు దాకా, మెత్తగా వలయాలు తిప్పుతూ వదులు చేయడం నేర్పాను. పని మధ్యలో ఆగి తనకు తానే చేసుకునేవారు. మీ అమ్మగారికి పప్పు రుబ్బడం, బట్టలు పిండడం ఉంటాయి కాబట్టి ఆ కండ అలాగే ఉంటుంది. అక్కడ ఎక్కువసేపు ఉండండి. మెటికల దగ్గరకు వచ్చేసరికి నొక్కడం మానేసి ఊరికే నిమరండి. వేళ్ళు లాగి పుటుక్కుమనిపించడం ఎప్పుడూ చేయకండి. చివర్లో ఆవిడే పిడికిలి మెల్లగా మూసి తెరవాలి, ఓ ఐదారుసార్లు.

మొదటి వారం ఆవిడ ఒక చేతికి మాత్రమే చేసి సరిపెట్టండి. మర్నాడు పొద్దున నొప్పి పెరిగినా, కొత్తగా వాపు వచ్చినా, ఒళ్ళు విపరీతంగా అలిసినా ఒత్తిడీ సమయమూ సగానికి తగ్గించండి. ఏమీ లేకపోతే రెండో వారం భుజాలు, వీపు కలుపుకోండి. వెన్ను ఎముక మీద నొక్కకుండా ఇరుపక్కల కండ మీదే చేయాలి. మోకాలి వెనక గుంటను వదిలేయండి.

ఉద్దానం వైపు నుంచి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చేవాళ్ళకు నేను ఈ ఇంటి మసాజ్ ఇంకా పట్టుబట్టి నేర్పుతాను. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే. నొప్పి వేసినప్పుడల్లా మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని మింగడం కిడ్నీలకు నేరుగా దెబ్బ. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్ళు పని ఆగకూడదని అలాగే మింగుతారు. అలాంటి నొప్పి మాత్ర వాడకూడని మనిషికి కాపడం, మసాజ్, సరైన వ్యాయామం బాగా సాయపడతాయి. మెథోట్రెక్సేట్ కూడా కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది కాబట్టి ఆ ప్రాంతం వాళ్ళు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు లేకుండా దాన్ని మొదలుపెట్టకూడదు, పాత చీటీ చూపించి షాపులో కొనుక్కోకూడదు. కిడ్నీ వల్ల రెండు కాళ్ళూ నీరు పట్టి వాస్తే ఆ వాపును రుద్ది దించాలని చూడకండి, డాక్టర్‌కు చూపించాలి.

సెంటర్‌కే వెళ్ళాలని ఉంటే వెళ్ళనివ్వండి, ఆవిడకూ నాలుగు గోడల మధ్య నుంచి బయటపడి హాయిగా పడుకోవాలని ఉండొచ్చు. అయితే పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టకండి. ఈ జబ్బు క్యాలెండర్ చూసుకుని రాదు. వాపు ఉన్న రోజున కూడా డబ్బు పోతుందని వెళ్ళి పడుకుంటారు, అదీ అసలు ప్రమాదం. చేసేవాళ్ళకు జబ్బు పేరు, మందుల పేర్లు చెప్పండి. 'ఏ కీళ్ళు వాచాయి, ఎప్పుడు తిరగబెట్టింది' అని తిరిగి అడిగినవాళ్ళయితే ఒకసారి చేయించి చూడవచ్చు. 'ఏం ఫర్వాలేదమ్మా, ఎంతోమందికి చేశాం' అని పక్కమీద పడుకోమంటే వచ్చేయండి. మొదటిసారి ఇరవై నిమిషాలు చాలు. మెడ విరవవద్దని ముందే చెప్పండి. ఉతికిన దుప్పటి, తువ్వాలు అడగడానికి మొహమాటపడకండి. మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ వాడేవాళ్ళకు ఇన్ఫెక్షన్లు తొందరగా సోకుతాయి. ఒంటి మీద పుండు, తామర, నీటి పొక్కులు ఉన్న రోజు అసలు వెళ్ళవద్దు. ఎవరైనా పొడి మందు చేతిలో పెట్టి 'ఇది కూడా వాడండి, మూడు రోజుల్లో లేచి నడుస్తారు' అంటే తీసుకోవద్దు. అంత తొందరగా నొప్పి మాయం చేసే పేరులేని పొడుల్లో చాలాసార్లు స్టెరాయిడే కలిపి ఉంటుంది. ఇప్పటికే స్టెరాయిడ్ వేసుకుంటున్న మనిషికి అది రెండింతలవుతుంది.

స్టెరాయిడ్‌ను మసాజ్‌తో బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపేయకూడదు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, ఆ రోజు ఏదో క్యాలెండర్ మీద రాసిపెట్టండి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

మీ థైరాయిడ్ సంగతికి వస్తే, అది హషిమోటో (రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేసే జబ్బు) అయి, మాత్ర వేసుకుంటూ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే హార్మోన్) అదుపులో ఉంటే మసాజ్‌కు అడ్డేమీ లేదు. గొంతు ముందు భాగాన్ని మాత్రం నొక్కనివ్వకండి. సోరియాసిస్ ఉన్నవాళ్ళకు గట్టిగా రుద్దిన చోట కొత్త మచ్చలు లేవవచ్చు కాబట్టి మచ్చల మీద, చుట్టూ ఒత్తిడి వద్దు. లూపస్ ఉన్నవాళ్ళు ప్లేట్‌లెట్ల రిపోర్టు చూసుకోకుండా చేయించుకోకూడదు. కండరాల్లోనే వాపు వచ్చే మయోసైటిస్ ఉన్నప్పుడు జబ్బు అదుపులోకి వచ్చేదాకా కండను పిసకడం మానాలి. రోగనిరోధక వ్యవస్థ దాడిని అదుపు చేసే బయోలాజిక్ మందులు ఇంజెక్షన్ రూపంలో తీసుకునేవాళ్ళు సూది వేసిన చోటును రుద్దకూడదు.

మీ నాన్నగారి భయం అర్థం చేసుకోదగ్గదే, ఆయన్ను తోసిపుచ్చకండి. ఈసారి విశాఖలో రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టర్) దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన్ను కూడా తీసుకెళ్ళి, ఆయన ముందే మూడు మాటలు అడగండి: అమ్మ మెడ ఎక్స్‌రే అవసరమా, ఎముకల బలం ఎలా ఉంది, ప్రస్తుతం ఏ కీళ్ళలో వాపు ఇంకా నడుస్తోంది. ఆ జవాబులు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ అమ్మగారికి చివరిసారి ఎంత ఉన్నాయో రాస్తే, భుజాలకు, మోకాళ్ళకు ఏ వ్యాయామం కలపాలో చెబుతాను. ఈలోపు ఒక ముంజేతితో మొదలుపెట్టండి. ఈ రాత్రే చేయవచ్చు, చెయ్యి వెనక వైపుతో ఒకసారి తాకి చూసుకున్నాక.